తొమ్మిది వేల బడ్జెట్‌లో ఓవర్‌క్లాకింగ్ బోర్డు: మిర్యాలగూడ ఎడిటింగ్ సిస్టమ్ కేస్ స్టడీ

ఈ కేసు మిర్యాలగూడది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక తమ్ముడు, స్టూడియో వెనక రేకుల గదిలో సిస్టమ్, చుట్టూ రైస్ మిల్లులు, ఏసీ లేదు. 2022లో ఎండలు ముదురుతూ ముహూర్తాలు దగ్గర పడుతున్నప్పుడు నల్లగొండలో నా షాపుకు ఫోన్ చేశాడు. "అన్నా, ప్రాసెసర్ మార్చేటన్ని పైసల్ లేవు. ఓవర్‌క్లాక్ చేస్తే స్పీడ్ పెరుగుతదంట గదా. మంచి బోర్డొకటి చెప్పు, మొత్తం ఖర్చు తొమ్మిది వేలు దాటొద్దు." ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే పైకి నడపడం, బోర్డు అంటే ప్రాసెసర్, ర్యామ్ కూర్చునే మదర్‌బోర్డు.

ఇలాంటి ఫోన్లు సూర్యాపేట, దేవరకొండ వైపు నుంచి కూడా చాలా వస్తాయి, అందరూ అడిగేది ఒక మోడల్ పేరే. పేరు చెప్పడానికి నిమిషం పట్టదు. కానీ ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర పెట్టి టెస్ట్ చేసిన బోర్డు మే నెల మధ్యాహ్నం మన రేకుల కింద ఎట్లా ఉంటుందో ఏ రివ్యూలోనూ ఉండదు, ఆ లెక్క మనమే వేసుకోవాలి. అందుకే ఆ లెక్క మొత్తం రాస్తున్నాను.

ఉన్న సామాను ఇది: రైజెన్ 5 2600 ప్రాసెసర్, ఏ320 చిప్‌సెట్ (బోర్డు ఏం చేయగలదో నిర్ణయించే చిప్) ఉన్న బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు, జీటీఎక్స్ 1650 కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టె), ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న రెయిత్ స్టెల్త్ కూలర్. రైజెన్ 2600లో మల్టిప్లయర్ (స్పీడ్‌ను నిర్ణయించే గుణకం) లాక్ లేదు, స్పీడ్ పెంచుకోవచ్చు. ఏ320 చిప్‌సెట్ మాత్రం ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఒప్పుకోదు, ఆ తర్వాత వచ్చిన ఏ520 కూడా అంతే. కాబట్టి బోర్డు మార్చక తప్పదు.

అయితే బోర్డు కొనేముందు ఇతని పనిలో నిజంగా ప్రాసెసరే అడ్డం పడుతోందా అని చూడాలి. ఫైనల్ ఎక్స్‌పోర్ట్ అప్పటికే గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తోంది, అక్కడ ఓవర్‌క్లాకింగ్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు. టైమంతా తినేది వేరే రెండు పనులు. చేతిలో పట్టుకుని తీసిన షాట్ల ఊపు తగ్గించే స్టెబిలైజేషన్ ఒకటి. కెమెరా ఫైళ్ల నుంచి ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కు తేలికగా ఉండే చిన్న కాపీలు, తయారు చేసుకోవడం రెండోది. ఇతని మిర్రర్‌లెస్ కెమెరా రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2లో రికార్డ్ చేస్తుంది, ఆ ఫార్మాట్‌ను జీటీఎక్స్ 1650 హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఒక గంట ఫుటేజీకి ప్రాక్సీలు కావడానికి 41 నిమిషాలు పడుతోంది, ఆ సేపంతా ఆరు కోర్లూ నూటికి నూరు శాతం మీద ఉండి 3.55 గిగాహెర్ట్జ్ దగ్గర ఆడుతున్నాయి. అంటే ఇక్కడ ఓవర్‌క్లాకింగ్‌కు పని ఉంది.

ఇంకొకటి కూడా కనబడింది. ర్యామ్ స్టిక్‌ల మీద స్పీడ్ 3000 అని రాసి ఉంటే సిస్టమ్‌లో 2133 మీద నడుస్తున్నాయి. అసెంబుల్ చేసినవాళ్లు బయోస్‌లో (బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రామ్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడ్‌కు నడిపే ప్రొఫైల్, ఆన్ చేయలేదు. రైజెన్ 2000 సిరీస్‌లో కోర్ల గ్రూపులను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ ర్యామ్ క్లాక్‌తో ముడిపడి నడుస్తుంది, ర్యామ్ నెమ్మదిస్తే లోపలి దారి కూడా నెమ్మదిస్తుంది. ఫోన్లోనే చెప్పి ప్రొఫైల్ ఆన్ చేయించి, 2933 దగ్గర పెట్టించాను, 2600కు ఏఎండీ అధికారికంగా ఇచ్చిన హద్దు అదే. 41 నిమిషాలు 39 అయ్యాయి, రూపాయి ఖర్చు లేకుండా. మీ దగ్గర ఏ బోర్డు ఉన్నా సరే, కొత్తది కొనేముందు ఈ ఒక్కటి చూసుకోండి.

బీ550 ఎందుకు వద్దన్నాను

తమ్ముడు అప్పటికే ఒక బీ550 బోర్డు చూసి పెట్టుకున్నాడు. కొత్త చిప్‌సెట్, పీసీఐఈ 4.0 ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. కానీ 2020 జూన్‌లో వచ్చిన బీ550 రైజెన్ 3000 నుంచి పైవాటికే, 2600ను అధికారికంగా సపోర్ట్ చేయదు. సాకెట్ అదే ఏఎం4, ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది, డిస్‌ప్లే మాత్రం రాకపోవచ్చు. సాకెట్ కలిసింది కదా అని కొనేసి బోర్డు పాడైందనుకుని నా దగ్గరికి తెచ్చినవాళ్లు ఉన్నారు. బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ సపోర్ట్ లిస్ట్ ఉంటుంది, అందులో మీ ప్రాసెసర్ పేరు, దాని పక్కన ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో చూడకుండా డబ్బులు కట్టొద్దు.

2018లో వచ్చిన బీ450 ఇతనికి సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు 2600ను ఓవర్‌క్లాక్ చేయనిస్తుంది, రేపు బయోస్ అప్‌డేట్‌తో రైజెన్ 5000 సిరీస్‌ను కూడా తీసుకుంటుంది. 2020 మేలో ఏఎండీ పాత 400 సిరీస్ బోర్డులకు 5000 సిరీస్ సపోర్ట్ ఇవ్వబోమని చెప్పి, వాడేవాళ్లు గట్టిగా అడిగేసరికి అదే నెలలో నిర్ణయం మార్చుకుంది. అప్పట్లో రైజెన్ 5 5600 మా బడ్జెట్‌కు రెట్టింపు దగ్గర ఉంది. ధర దిగినప్పుడు బోర్డు మార్చకుండా అదే పెట్టుకోవచ్చు కాబట్టి ఇప్పుడు బోర్డు మీద పెట్టే డబ్బు వృథా కాదు. ఈ దారి లేకపోతే, 2600లో ఓ పది శాతం స్పీడ్ కోసం బోర్డు కొనమని నేను ఎవరికీ చెప్పను, ఆ డబ్బు దాచుకుని కొత్త ప్రాసెసర్ కొనమంటాను.

వీఆర్ఎం లెక్క

బీ450లో డజన్ల మోడళ్లున్నాయి, ఓవర్‌క్లాకింగ్‌కు వాటి మధ్య అసలు తేడా వీఆర్ఎం దగ్గరే. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్ట్‌లను ప్రాసెసర్‌కు కావాల్సిన 1.3 వోల్ట్ దగ్గరికి దించే భాగం ఇది, సాకెట్ చుట్టూ ఉండే బూడిద రంగు చౌకులు (తీగ చుట్టలు), వాటి పక్కన నల్లటి చిన్న మాస్‌ఫెట్లు (కరెంటును స్విచ్ చేసే చిప్పులు). 2600ను 4.0 గిగాహెర్ట్జ్ దగ్గర పెట్టి ఫుల్ లోడ్ ఇస్తే సుమారు 110 వాట్లు లాగుతుందనుకుందాం. 110ని 1.3తో భాగిస్తే దాదాపు 85 యాంపియర్లు. అంత కరెంటును ఫేజులు, అంటే చౌకు, మాస్‌ఫెట్లు కలిసిన దారులు, పంచుకుని మోయాలి, వడ్ల బస్తాను ఇద్దరు మోయడానికీ నలుగురు మోయడానికీ ఉన్నంత తేడా ఉంటుంది. నాలుగు ఫేజులైతే ఒక్కోదానికి 21 యాంపియర్ల పైన పడుతుంది. వీఆర్ఎం సామర్థ్యం 88 శాతం అనుకుంటే 110 వాట్లు ఇచ్చేటప్పుడు 15 వాట్లు అక్కడే వేడి కింద పోతాయి. గోరంత మాస్‌ఫెట్ల మీద 15 వాట్ల వేడి అంటే చిన్న విషయం కాదు, పైన హీట్‌సింక్ లేకపోతే ఆ వేడంతా బోర్డులోకే దిగుతుంది.

ఇక్కడ పెట్టె మీద రాసిన ఫేజుల సంఖ్యను నమ్మొద్దు. కంట్రోలర్ నుంచి నిజంగా నాలుగే ఫేజులు వస్తున్నా ఒక్కో ఫేజుకు రెండేసి చౌకులు పెట్టి ఎనిమిది అనిపించేలా చేయవచ్చు. దానివల్ల వేడి కొంత పంచుకుంటుంది నిజమే, కానీ అది ఎనిమిది ఫేజులతో సమానం కాదు. నేను చూసేవి వేరే. ప్రాసెసర్ వైపు మాస్‌ఫెట్లన్నిటి మీదా స్క్రూలతో బిగించిన హీట్‌సింక్ ఉందా? ప్రాసెసర్ పవర్ సాకెట్ 8 పిన్నులదా, 4 పిన్నులదా? 4 పిన్నుల సాకెట్‌లో 12 వోల్ట్ వైర్లు రెండే ఉంటాయి, 125 వాట్లు లాగితే ఒక్కో వైరు మీద 5 యాంపియర్లు దాటుతుంది, 8 పిన్నులదైతే అందులో సగం. కొంచెం లూజుగా ఉన్న పాత కనెక్టర్‌లో ఆ తేడాకే ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. మూడోది బయోస్. చవక బోర్డుల్లో కొన్నిట్లో వోల్టేజ్ ఫిక్స్ చేసే ఆప్షన్ ఉండదు, ఆఫ్‌సెట్ (ఉన్న వోల్టేజ్‌కు కొంచెం కలపడం, తగ్గించడం) ఒక్కటే ఇస్తారు, లోడ్ లైన్ కాలిబ్రేషన్ (లోడ్ పడ్డప్పుడు వోల్టేజ్ జారకుండా ఆపేది) అసలే ఉండదు. బోర్డు కొనకముందే దాని మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని బయోస్ పేజీలు తిరగేస్తే ఇవన్నీ తెలిసిపోతాయి.

ఇక ఎండ లెక్క. లోడ్ అదే, గాలి అంతే అనుకుంటే గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే మాస్‌ఫెట్ల వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలే పెరుగుతుంది. 22 డిగ్రీల గదిలో 85 చూపించిన వీఆర్ఎం 40 డిగ్రీల గదిలో 103 చూపిస్తుంది. మాస్‌ఫెట్ తయారీదారు 125 వరకు, అంతకుమించి కూడా ఓకే అని రాసి ఉండవచ్చు, కానీ పక్కనే ఉన్న కెపాసిటర్లు రోజూ గంటల తరబడి ఆ వేడిలో ఉడికితే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది. నేను పెట్టుకున్న హద్దు మే నెల మధ్యాహ్నం 90. రివ్యూలో ఒక నంబర్ కనబడితే దానికి 18 కలిపి చూస్తాను, 90 దాటితే ఆ బోర్డు లిస్టులోంచి పోతుంది.

కొన్నది సెకండ్ హ్యాండ్

ఈ హద్దులకు లోబడి నిలబడిన కొత్త బోర్డులు కొంటే కూలర్‌కు డబ్బు మిగలదు. హీట్‌సింక్ లేని కొత్త బోర్డా, మంచి వీఆర్ఎం ఉన్న వాడిన బోర్డా అంటే ఓవర్‌క్లాకింగ్‌కు నేను రెండోదే అంటాను. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో, ఎల్బీనగర్ వైపు అమ్మేవాళ్ల దగ్గర అడిగితే ఎంఎస్ఐ బీ450ఎం మోర్టార్ మ్యాక్స్ 5,600కు దొరికింది. 4+2 ఫేజులు (కోర్లకు నాలుగు, ప్రాసెసర్‌లోని మిగతా భాగాలకు రెండు), రెండు వైపులా హీట్‌సింక్‌లు, 8 పిన్నుల పవర్, మాస్‌ఫెట్ వేడి చూపించే సెన్సర్, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్. మ్యాక్స్ అని ఉన్నవాటిలో బయోస్ చిప్ 32 ఎంబీది, పాత ప్రాసెసర్లకూ కొత్తవాటికీ చోటు సరిపోతుంది.

వాడిన ఏఎం4 బోర్డులో ఒక లాభముంది, పిన్నులు బోర్డుకు కాదు ప్రాసెసర్‌కు ఉంటాయి, కాబట్టి సాకెట్‌లో వంగిన పిన్నుల భయం తక్కువ. అయినా మా 2600 తీసుకెళ్లి అక్కడే పెట్టి ఆన్ చేయించాను. ర్యామ్ స్లాట్లు నాలుగూ ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. 8 పిన్నుల సాకెట్ రంగు మారిందా, గ్రాఫిక్స్ స్లాట్ చుట్టూ ఉండే ఇసుక రేణువుల్లాంటి చిన్న భాగాలు ఎక్కడైనా ఊడిపోయాయా అని టార్చి వేసి చూశాను. వెనక బ్యాక్‌ప్లేట్, సాకెట్ పక్కన ప్లాస్టిక్ కొక్కేలు ఒరిజినల్‌వి ఇచ్చారో లేదో కూడా చూసుకోవాలి, చాలా కూలర్లు ఆ కొక్కేలకే తగులుకుంటాయి, అవి లేకపోతే ఇంటికొచ్చాక కూలర్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

మిగతా డబ్బులో 2,100 టవర్ కూలర్‌కు, 400 క్యాబినెట్ వెనక ఫ్యాన్‌కు, 900 యూపీఎస్ బ్యాటరీకి పోయాయి. యూపీఎస్ ఎందుకంటే, ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, బయోస్ అప్‌డేట్ మధ్యలో పోతే బోర్డుతో మళ్లీ కుస్తీ.

పాత కూలర్ తీయడంలో ఒక జాగ్రత్త. సిస్టమ్‌ను కొద్దిసేపు లోడ్ మీద నడిపి పేస్ట్ వేడెక్కాక ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి, కూలర్‌ను పైకి లాగకుండా ఎడమకూ కుడికీ నెమ్మదిగా తిప్పాలి. చల్లగా ఉన్నప్పుడు ఎండిపోయిన పేస్ట్ ప్రాసెసర్‌ను పట్టుకుంటుంది, లాగితే సాకెట్ లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌తోపాటు ఊడొస్తుంది. 1331 పిన్నుల్లో నాలుగు వంగినా ఆ రోజు పనంతా సూది పట్టుకుని వాటిని నిలబెట్టడమే.

స్పీడ్ పెంచిన తీరు

మొదట బయోస్ అప్‌డేట్ చేసి, ర్యామ్‌ను మామూలు స్పీడ్‌లోనే ఉంచాను. ర్యామ్, ప్రాసెసర్ రెండూ ఒకేసారి పెంచితే సిస్టమ్ హ్యాంగ్ అయినప్పుడు తప్పు దేనిదో తెలియదు. 3.8 గిగాహెర్ట్జ్, 1.25 వోల్ట్‌తో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కాను, లోడ్ లైన్ కాలిబ్రేషన్ మధ్యస్థంగా పెట్టాను. 4.0 గిగాహెర్ట్జ్‌కు 1.30 వోల్ట్ సరిపోయింది. 4.1కి వెళ్దామంటే 1.39 దాకా ఇస్తే గానీ నిలబడలేదు.

ఇక్కడే చాలామంది నంబర్ కోసం ఆశపడతారు, లెక్క చూడండి. ప్రాసెసర్ తినే పవర్ వోల్టేజ్ వర్గంతో, స్పీడ్‌తో కలిసి పెరుగుతుంది. 1.39 వర్గాన్ని 1.30 వర్గంతో భాగిస్తే 1.14, దాన్ని స్పీడ్ పెరుగుదల 1.025తో గుణిస్తే 1.17. అంటే రెండున్నర శాతం స్పీడ్ కోసం 17 శాతం ఎక్కువ పవర్, ఆ వేడంతా ప్రాసెసర్ మీదా వీఆర్ఎం మీదా. తమ్ముడు "అన్నా, 4.1 అని పడితే మంచిగుంటది గదా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, 4.0 దగ్గరే ఆపాను. 2600 ఒక్క కోర్ బూస్ట్ ఎలాగూ 3.9నే, కాబట్టి అన్ని కోర్లనూ 4.0 దగ్గర కట్టేసినా చిన్న పనుల్లో పోయేదేమీ లేదు.

వీఆర్ఎం విషయంలో ఒక మలుపు వచ్చింది. పాత స్టెల్త్ కూలర్ గాలిని కిందికి కొడుతుంది, ఆ గాలి ప్రాసెసర్‌ను దాటి చుట్టూ ఉన్న మాస్‌ఫెట్ల మీద కూడా పారుతుంది. టవర్ కూలర్ గాలిని అడ్డంగా, వెనక్కి తోస్తుంది. ప్రాసెసర్ 78కి దిగింది, సంతోషమే, కానీ 38 డిగ్రీల గదిలో అరగంట లోడ్ తర్వాత మాస్‌ఫెట్ సెన్సర్ 94 చూపించింది. నా హద్దు దాటింది. కొనిపెట్టుకున్న వెనక ఫ్యాన్‌ను బయటికి గాలి లాగేలా బిగించి, హీట్‌సింక్‌కు అడ్డంగా ఉన్న పవర్ కేబుల్‌ను పక్కకు కట్టేసరికి 84కు వచ్చింది. 400 రూపాయల ఫ్యాన్‌తో పది డిగ్రీలు. టవర్ కూలర్ పెట్టినప్పుడు ప్రాసెసర్ వేడి ఒక్కటే చూసి ఊరుకోవద్దు, సెన్సర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో మాస్‌ఫెట్ వరుస కూడా చూడండి.

ప్రాసెసర్ టెస్ట్ ప్రోగ్రామ్ సినీబెంచ్ పది నిమిషాలు దాటితే చాలనుకోవడం ఈ పనిలో సరిపోదు. ప్రాసెసర్‌ను బాగా వేడెక్కించే ప్రైమ్95 టెస్ట్‌ను చిన్న ఎఫ్ఎఫ్‌టీల సెట్టింగ్‌తో మధ్యాహ్నం ఎండలో నడిపించాను, రాత్రి కాదు. తర్వాత ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేసి రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ (హార్డ్‌వేర్ తప్పుల) ఎర్రర్లు ఉన్నాయేమో వెతికాను, హ్యాంగ్ కాకపోయినా అక్కడ ఎర్రర్ పడితే సెట్టింగ్ నిలకడగా లేనట్టే. ఇంత పట్టు ఎందుకంటే ఇది ఆటల సిస్టమ్ కాదు. ర్యామ్ అప్పుడప్పుడు ఒక బిట్ తప్పుగా రాస్తే ఫైలు చడీచప్పుడు లేకుండా పాడవుతుంది, తాళి కట్టే షాట్ పోతే ఆ పెళ్లిని మళ్లీ తీయలేం. అందుకే టెస్టులన్నీ అయ్యేదాకా కస్టమర్ల ఫుటేజీ ఉన్న హార్డ్‌డిస్క్‌ల కేబుళ్లు తీసి పక్కన పెట్టాను, పని మొదలయ్యాక కూడా ఒరిజినల్ కార్డులను కాపీ సరిచూసుకోకుండా ఫార్మాట్ చేయొద్దని చెప్పాను.

ప్రాక్సీలకు మొదట్లో 41 నిమిషాలు, ర్యామ్ సరిచేశాక 39, చివరికి 35. స్టెబిలైజేషన్‌లో కూడా దాదాపు అంతే లాభం కనబడింది. ఇది అద్భుతమేమీ కాదు, కానీ సీజన్‌లో వరుసగా పెళ్లిళ్లు పడ్డప్పుడు రోజుకు గంట పైన మిగులుతుందని తమ్ముడే చెప్పాడు. మిల్లుల నుంచి వచ్చే ఊక దుమ్ముకు కూలర్ రెక్కలు త్వరగా మూసుకుపోతాయి కాబట్టి నెలకోసారి బ్లోయర్ కొట్టమన్నాను, కొట్టని నెలలో మాస్‌ఫెట్ వేడి ఆరేడు డిగ్రీలు పెరిగిందని ఫొటో తీసి పంపాడు. ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే ఏఎండీ వారంటీ వర్తించదు, ఇతనిది ఎలాగూ గడువు దాటిన ప్రాసెసర్. కొత్తది కొని వారంటీలో ఉన్నవాళ్లు అది ఆలోచించుకునే దిగాలి.

ఇదే లెక్క వేరే ప్రాసెసర్లకు పెట్టేవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంటెల్‌లో మల్టిప్లయర్ పెంచాలంటే పేరు చివర కే ఉన్న ప్రాసెసర్, జెడ్ సిరీస్ బోర్డు రెండూ కావాలి. బీ660, బీ760లో ర్యామ్ స్పీడ్ పెంచుకోవచ్చు, ప్రాసెసర్‌ది కాదు, హెచ్610లో రెండూ కుదరవు. ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎండీ సాకెట్ ఏఎం5లో ఏ620 వద్దు, బీ650 నుంచి మొదలుపెట్టండి. తక్కువ బడ్జెట్‌లో ఇంటెల్ కే ప్రాసెసర్, జెడ్ బోర్డు, వాటికి తగ్గ కూలర్ మూడూ కలిపితే వచ్చే మొత్తానికి, ఓవర్‌క్లాక్ లేకుండానే ఒక మెట్టు పై ప్రాసెసర్ వస్తుంది. ఆ లెక్క కాగితం మీద వేశాకే షాపుకెళ్లండి.

మరుసటి ఏడు 5600 ధర దిగింది, తమ్ముడు కొన్నాడు. బయోస్ ముందే అప్‌డేట్ చేసి ఉంది కాబట్టి ప్రాసెసర్ మార్చడమే పని. దీన్ని మాత్రం పాత పద్ధతిలో ఒకే స్పీడ్‌కు కట్టేయలేదు, ఎందుకంటే 5600 ఒక్క కోర్ మీద 4.4 దాకా వెళ్తుంది, అన్ని కోర్లకూ ఒకే నంబర్ పెడితే అది పోగొట్టుకుంటాం. ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ పెంచుకునే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌లో, కోర్ల వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ మైనస్ 15 పెట్టి, కోర్‌సైక్లర్‌తో ఒక్కో కోర్‌ను విడిగా పరీక్షించాను. ఒక కోర్ ఒప్పుకోలేదు, దానికి మైనస్ 8 చేశాను. పవర్ హద్దును కంపెనీ ఇచ్చిన 76 వాట్ల దగ్గరే వదిలేశాను. ఓవర్‌క్లాక్ చేసిన 2600 కంటే ఇది తక్కువ లాగుతుంది, అందుకే అదే గదిలో అదే ఎండకు మాస్‌ఫెట్లు 70 దాటడం లేదు, ప్రాక్సీలు 25 నిమిషాల చుట్టూ అవుతున్నాయి. ఆ 2600, పాత ఏ320 బోర్డు, స్టెల్త్ కూలర్ మూడూ కలిపి స్టూడియో కౌంటర్‌లో ఫొటో ప్రింట్లకు ఇంకో సిస్టమ్ కట్టించాను, మామూలు స్పీడ్‌లో, ఈసారి ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి.